పోతుకు పురుడు పోసిన సంజమ్మ

అనేవాళ్లు అనగా అనగా, వినేవాళ్లు వినగా వినగా, మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పగా నా దాకా వచ్చిన కథ ఇది. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి. నిద్రొచ్చేవాళ్లు పడుకోండి. ఈ కథ నిద్రలో విన్నా ఏం పాడైపోదు.

ఒక వంక ఉండేది. ఆ వంక ఒడ్డున మూడు ఊళ్లు. పైనుండేది మీదిపల్లె, నడుమ ఉండేది నడిమిపల్లె, కిందుండేది కిందిపల్లె. పేర్లు పెట్టినవాళ్లకు అంతకు మించి ఓపిక లేదు కాబోలు. కిందిపల్లె దాటితే వంక ఒక కోనలోకి దిగిపోతుంది. ఆ కోన నిండా ఎప్పుడూ మంచే. ఎండాకాలం పొద్దున కూడా అక్కడి చెట్లు ముసుగేసుకుని నిలబడి ఉంటాయి. దారి తప్పిన మేకలు తప్ప ఎవరూ అటు పోరు.

మూడు ఊళ్లకూ కలిపి ఒక మంత్రసాని. ఆమె పేరు సంజమ్మ. మీదిపల్లె చివర గుడిసెలో ఉండేది. మొగుడు ఎప్పుడో పోయాడు. నోరు కారం, చెయ్యి వెన్న. పురుడు పోసిన ఇంట్లో పిడికెడు జొన్నలు, పాత కోక ఇస్తే తీసుకునేది. ఇవ్వకపోతే తిట్టేది. తిట్టి, మళ్లీ కానుపుకు పిలిస్తే మళ్లీ వచ్చేది. ఆ మూడు ఊళ్లలో పడుచువాళ్లూ పిల్లలూ అందరూ ఈ లోకంలో మొదట తాకింది ఆమె చేతినే.

మూడు ఊళ్లకూ కలిపి ఒక దేవరపోతు కూడా ఉండేది. దేవరపోతు అంటే ఊరమ్మ పేరు మీద వదిలేసిన దున్నపోతు. దానికి పలుపు ఉండదు, ముకుతాడు ఉండదు. ఎవరి చేలో పడితే వాళ్ల చేను మేస్తుంది. మేసిన చేను పండుతుందని నమ్మకం. అది వీధిలోకి వస్తే ప్రతి ఊళ్లోనూ రాతితొట్టి నిండా కుడితి పోసి పెట్టేవాళ్లు. అది తాగగా మిగిలిన ఎంగిలిని ఆడవాళ్లు ముంతల్లో పట్టుకుపోయి తమ గొడ్లకు తాగించేవాళ్లు. అమ్మ పోతు ఎంగిలి, గొడ్లకు ప్రసాదం. తాతల నాటి నుంచీ ఇదే ఆచారం.

అట్లా ఉండగా, ఒక వానాకాలం గొడ్లకు రోగం వచ్చింది. నోట్లో పొక్కులు, గిట్టల నడుమ పుండ్లు, జారే చొంగ. మేత ముట్టవు, నిలబడలేవు. దూడలైతే పొద్దున ఉన్నది సాయంత్రానికి ఉండదు. ముందు మీదిపల్లెలో కనబడింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. రోగం కబురు పెట్టి రాదు గదా.

గొడ్డుకు రోగం నాలుగు కాళ్లతో వస్తే, మనిషికి భయం నలభై కాళ్లతో వచ్చింది. రోగపు ఊరి మనిషి నీడ పడితే గొడ్డు కూలబడుతుందంట. రోగపు ఊరి పాలు తాగితే మనిషికి మాట పడిపోతుందంట. రోగపు ఊరి దారిన నడిస్తే మనిషి కాలు కూడా గిట్టలాగా రెండుగా చీలుతుందంట. ఎవరు చూశారయ్యా అంటే ఎవరూ చూడలేదు. చూసినవాడి బావమరిది చెప్పాడు.

అంతే, ఊళ్లకు కట్టు పడింది. పొలిమేరలో దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కట్టారు. తాడు దగ్గర కర్రలు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. ఇటువాళ్లు అటు పోరాదు, అటువాళ్లు ఇటు రారాదు. సంతలు ఆగిపోయాయి. పెళ్లిళ్లు ఆగిపోయాయి. అత్తవారింటికి పోయిన అల్లుడొకడు అక్కడే ఇరుక్కుపోయాడు. మొదట నేతి అన్నం పెట్టారు, తర్వాత మజ్జిగన్నం పెట్టారు, ఆ తర్వాత పేడగంప చేతికిచ్చారు. కట్టినవాళ్లు కట్టినట్టే ఉన్నారు, ఆగినవాళ్లు ఆగినట్టే ఉన్నారు, వంక మాత్రం పారుతూనే ఉంది.

సంజమ్మకు ఒక్కతే కూతురు, ఉలిగమ్మ. ఆ పిల్లను కిందిపల్లెకు ఇచ్చింది. ఉలిగమ్మకు నెలలు నిండుతున్నాయి. తొలికానుపు పుట్టింట్లో కావాలి. ఊరందరికీ పురుళ్లు పోసిన తల్లి ఉంది గదా, ఆ పిల్లకు ఇంక దిగులేముంది? కానీ కట్టు పడింది. కూతురు కింద ఉండిపోయింది, తల్లి మీద ఉండిపోయింది, మధ్యలో తాళ్లు.

సంజమ్మ మూట కట్టుకుంది. పాతగుడ్డలు, ఆముదం, పసుపుకొమ్ములు. బయలుదేరింది.

నడిమిపల్లె పొలిమేరలో తాడు దగ్గర ఉరుకుందు నిలబడి ఉన్నాడు. పాతికేళ్ల మనిషి, ఎనుములు, అంటే బర్రెలు, కాచుకునేవాడు.

"యాడికి పిన్నమ్మా?"

"నా బిడ్డ కానుపుకు నాయనా. తాడు ఎత్తు."

"ఎత్తను పిన్నమ్మా. మీ ఊర్లో రోగముండాది. నీ నీడ మా గొడ్ల మీద పడితే?"

"మబ్బు పట్టింది, నీడ యాడుందిరా? నీకు నేను పురుడు పోసినాను. అడ్డం తిరిగి వచ్చినోడివి. కాళ్లు పట్టి లాగినాను. ఇప్పుడూ అడ్డమేనా?"

ఉరుకుందు తల దించుకున్నాడు. కానీ తాడు ఎత్తలేదు. "నాకు ఉండేది రెండు ఎనుములు పిన్నమ్మా. అవి పోతే మా ఇంట్లో పొయ్యి రాజదు. నీ కాళ్లు మొక్కుతా, వెనక్కు పో," అన్నాడు. వాడిని తిట్టడానికి సంజమ్మకు నోరు రాలేదు.

వెనక్కు వచ్చి వంక ఒడ్డున కూర్చుంది. మోదుగాకుతో దొన్నె కుట్టింది. అందులో ఒక పసుపుకొమ్ము పెట్టి నీళ్లలో వదిలింది. మనిషికి కట్టు గానీ నీళ్లకు కట్టు లేదు గదా. దొన్నె ఊగుతూ ఊగుతూ పోయింది. కింద నీళ్లకు వచ్చిన ఉలిగమ్మ దాన్ని చూసింది. పసుపుకొమ్మును కళ్లకద్దుకుంది. అమ్మ రాలేదు గానీ అమ్మ ఉంది అనుకుంది.

రెండోసారి సంజమ్మ కొండ చుట్టూ తిరిగి మేకల దారిన పోయింది. అక్కడా తాడే. అక్కడ ఆమెను ఎరిగినవాళ్లు లేరు. బయటి ఊళ్ల నుంచి బతకొచ్చిన కుర్రవాళ్లు, ఇల్లరికపు అల్లుళ్లు. "దగ్గరికి రావద్దు" అని రాళ్లు విసిరారు. ఒక రాయి ఆమె కాలి మడమ చీల్చింది. "సూడండ్రా, కాలు చీలింది, మనం అనుకున్నది నిజమే!" అని వాళ్లే పరుగెత్తి పారిపోయారు. రాయి తగిలితే చీలదా? నవ్వొస్తుంది గానీ, ఆ రోజు ఆమెకు నవ్వు రాలేదు. కుంటుకుంటూ వెనక్కు వచ్చింది. ఇంకొక దొన్నె కుట్టింది. ఇంకొక పసుపుకొమ్ము పెట్టింది. కట్టినవాళ్లు కట్టినట్టే ఉన్నారు, ఆగినవాళ్లు ఆగినట్టే ఉన్నారు, వంక మాత్రం పారుతూనే ఉంది.

మూడోసారి ఆమె ఒడ్డున కూర్చుని ఏడ్చింది. ఎందరు తల్లుల దగ్గరో "ఏం కాదు, నేనున్నాను" అన్న మనిషి. తన బిడ్డ దగ్గర ఆ మాట అనడానికి లేదే అని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ కన్ను మూతపడింది. అది కలో, నిజమో, మంచులోంచి ఒక నల్లటి కొండ నడిచి వచ్చినట్టయింది. కళ్లు తెరిచింది. దేవరపోతు. నీళ్లు తాగి, తల ఎత్తి, నడిమిపల్లె వైపు నడుస్తూ ఉంది. దాన్ని ఎవరూ ఆపరు. ఆపకూడదు.

పెద్దవాళ్ల మాట ఒకటి ఆమెకు గుర్తొచ్చింది. దేవరపోతు వీపు మీద చెయ్యి వేసి నడిచినవాళ్లను ఆపితే అమ్మను ఆపినట్టే. ఆ మాట అందరికీ తెలుసు. చేసినవాళ్లు ఎవరూ లేరు. పోతు కొమ్ము విసిరితే పేగులు బయటికొస్తాయి మరి. సంజమ్మ లేచింది. "నాయనా, నన్ను పొడుస్తే పొడువు, నా బిడ్డ దగ్గరికి పోయినాక పొడువు," అని దాని వీపు మీద చెయ్యి వేసింది.

పోతు పొడవలేదు. దాని ఒళ్లు కాలుతూ ఉంది. అది కూడా కుంటుతూ ఉంది. ఇద్దరూ కుంటుకుంటూ నడిచారు.

ఉరుకుందు చూశాడు. కర్ర కింద పెట్టాడు, తాడు ఎత్తాడు, చేతులు జోడించాడు. నడిమిపల్లె ఆడవాళ్లు తొట్టి నిండా కుడితి పోశారు. పోతు మూతి పెట్టింది. రెండు గుక్కలు తాగి వదిలేసింది. దాని నోటి నుంచి చొంగ తీగలుగా తొట్టిలో పడింది. ఆడవాళ్లు మిగిలిన కుడితిని ముంతల్లో పట్టుకుని ఇళ్లకు పరుగెత్తారు. గొడ్లకు ప్రసాదం, ఈ కష్టకాలంలో ఇంకా కావాలి గదా.

సంజమ్మకు ఎక్కడో ఏదో గుచ్చుకున్నట్టయింది. ఏమిటో తెలియలేదు. కూతురి మీద ప్రాణం పెట్టుకున్న మనిషికి తొట్టి సంగతి ఎందుకు?

కిందిపల్లెలోనూ అంతే. తాడు లేచింది, తొట్టి నిండింది, ముంతలు పోయాయి. సంజమ్మ పోతు వీపు నుంచి చెయ్యి తీసి పరుగెత్తింది. ఉలిగమ్మ గుంజ పట్టుకుని నిలబడి ఉంది. నొప్పులు అప్పుడే మొదలయ్యాయి.

"వచ్చినావా అమ్మా?"

"వచ్చినా తల్లీ. ఏం కాదు. నేనుండాను."

పొద్దు గుంకే వేళకు ఆడపిల్ల పుట్టింది. సంజమ్మ ఎందరు బిడ్డలను ఎత్తిందో, ఈ బిడ్డను మాత్రం చాలాసేపు కింద పెట్టలేదు.

మూడు రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత కిందిపల్లెలో గొడ్లు కూలబడ్డాయి. నడిమిపల్లెలోనూ కూలబడ్డాయని పొలిమేర నుంచి కేకలు వినబడ్డాయి. ఉలిగమ్మ ఇంట్లో ఉన్న ఒక్క ఆవూ నోరు తెరిచి చొంగ కారుస్తూ నిలబడింది. సన్నగా వాన పడుతూ ఉంది. ఊరంతా ఆ ఇంటి ముందుకు వచ్చింది. ముందు ఊరిపెద్ద గిడ్డయ్య. అతని కాడి ఎద్దులు రెండూ ఆ పొద్దునే పడ్డాయి.

"సంజక్కా, నీ మీద మాకు కోపం ల్యా. భయముండాది. నువ్వు రాకముందు మా గొడ్లు బాగుండె. నువ్వు వచ్చినాక పడ్డాయి. నువ్వు, నీ బిడ్డ, ఆ పసిగుడ్డు, ముగ్గురూ పొలిమేర దాటండి."

"బొడ్డు ఊడలేదు గిడ్డన్నా. వానలో యాడికి పంపిస్తావు?"

"నాకు తెలీదక్కా. నన్ను అడగొద్దు," అని గిడ్డయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సంజమ్మ వాళ్ల మొహాలు చూసింది. సగానికి పైగా ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే, అందరూ భయంతో చిక్కిపోయి ఉన్నారు. వానలోకి పోతే పసిగుడ్డు మిగలదు. బాలింత కూడా మిగలదేమో. సరిగ్గా అప్పుడు, మూడు రోజులుగా గుచ్చుకుంటున్నది ఏమిటో ఆమెకు అందినట్టే అయింది. తొట్టి. చొంగ. ముంతలు. ఈ ఇంటి ఆవుకు కూడా వియ్యపురాలు ముంతతో తాగించింది. తాను చెయ్యి వేసి తోడు తెచ్చుకున్నది పోతునా, రోగాన్నా? ఏమో. ఆమెకు తెలిసింది కానుపు ఒక్కటే. కానీ అమ్మ పోతు రోగం తెచ్చిందని అంటే నాలుక కోస్తారు. పసిగుడ్డును వానలోకి కాదు, వంకలోకే విసిరేస్తారు.

అందుకని ఆమె తనకు తెలిసిన మాటే చెప్పింది.

"గిడ్డన్నా, అమ్మ పోతును సూసినావా?"

"సూసినా. తొట్టి కాడ పడుకోనుండాది. లేయలేదు."

"అది రోగం కాదు. దానికి పురుడు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎన్నాళ్ల తర్వాతో ఆ ఊళ్లో వినబడిన నవ్వు అది.

"పోతుకు పురుడేందక్కా? మగది గదా!"

"అమ్మ పోతు అది. మగదా ఆడదా అని అమ్మను అడుగుతావా? పో, అడిగి రా. నేను ఈడ్నే ఉంటా."

గిడ్డయ్య అడగడానికి పోలేదు. ఎవరు పోతారు?

"పురుడు నాకు తెలుసా, నీకు తెలుసా?" అంది సంజమ్మ. "ఒళ్లు కాలతాంది. నడవలేకుండాది. మెతుకు ముట్టదు. పురిటిలో ఉండేదాన్ని వీధుల్లో తిప్పుతారా?"

వెనక నుంచి ఒక ముసలామె అంది, "తిప్పరు."

"పురిటిలో ఉండేదాని ఎంగిలి ఇంగొకరికి పెడతారా?"

ఈసారి ఆడవాళ్లందరూ అన్నారు, "పెట్టరు."

"పురిటి గదిలోకి పోయి వచ్చినోళ్లు ఏం చేస్తారు?"

"కాళ్లు కడుక్కుంటారు," అన్నారు మగవాళ్లు కూడా. ఎవరి ఇంట్లో వాళ్లు చూసిన సంగతే గదా.

"తెలుసు గదా మరి. అమ్మ పోతుకు పురుడు వస్తే ఎంగిలి ముంతల్లో పట్టుకోని ఇంటింటికీ పంచినారు. అమ్మకు కోపం రాదా?" అంది సంజమ్మ. "దాన్ని నేను కోనలోకి తోలుకపోతా. లేసేదాకా నేనే కాపలా ఉంటా. మీరు తొట్లు బోర్లించండి. గొడ్లను ఎవరి కొట్టంలో వాళ్లు కట్టేసుకోండి. మనుషులకు కట్టిన తాళ్లు విప్పేయండి. వచ్చేవాళ్లు పోయేవాళ్లు పొలిమేరలో కాళ్లు కడుక్కుంటే సాలు. నా బిడ్డ, దాని బిడ్డ ఈ ఇంట్లోనే ఉండాల. నేను పోయినాక కూడా రోగం ఆగకపోతే, అప్పుడు వాళ్లను పంపండి. నేను అడ్డం రాను."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె ఉలిగమ్మ వైపు చూడలేదు. చూస్తే ఆ మాట నోట రాదు.

గిడ్డయ్య గుంపు వైపు ఒకసారి చూసి తల ఊపాడు. "సరే అక్కా," అన్నాడు. ఆ మాటే పొలిమేర నుంచి కేకేయించి పై రెండు ఊళ్లకూ చెప్పించాడు.

సంజమ్మ మనవరాలి నుదుటి మీద ముద్దు పెట్టుకోవాలని వంగింది. వంగి, ఆగిపోయింది. పొద్దున తొట్టి దగ్గరికి పోయి పోతు మూతి తుడిచి వచ్చిన చేతులు ఆమెవి. కడుక్కున్నవే. అయినా ధైర్యం చాలలేదు. ముద్దు పెట్టకుండానే లేచి పోయింది.

పోతు వీపు మీద చెయ్యి వేసింది. "లెయ్ నాయనా, మన పుట్టింటికి పోదాం," అంది. పోతు మూలుగుతూ లేచింది. ఇద్దరూ కుంటుకుంటూ వంక వెంట దిగారు. మంచు ముందు వాళ్ల కాళ్లను మింగింది, తర్వాత నడుములు మింగింది, తర్వాత తలలు మింగింది.

ఆమె పోయిన తర్వాత కూడా గొడ్లు పడ్డాయి. ఒకరోజు రెండు, ఒకరోజు మూడు. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఉలిగమ్మ మూట కట్టుకుని, బిడ్డను ఒళ్లో పెట్టుకుని, ఎప్పుడు పొమ్మంటారో అని గడప దగ్గర కూర్చునేది. గిడ్డయ్య ఆ వీధి వైపే రాకుండా చుట్టూ తిరిగి పోయేవాడు. ఒకరోజు ఒకటి పడింది. ఆ మర్నాడు పడలేదు. ఆ మర్నాడు కూడా పడలేదు. ఉలిగమ్మ మూట విప్పింది.

కోనలో సంజమ్మ ఆకుల పాక వేసింది. ఉప్పునీళ్లతో పోతు నోరు కడిగేది. గిట్టలకు వేపనూనె, పసుపు పూసేది. గంజి వేళ్లకు రాసి నాకించేది. ఊళ్లోవాళ్లు వంకకు ఇవతల బండ మీద సంగటిముద్ద పెట్టి పోయేవాళ్లు. ఇప్పుడు ఆమె కింద ఉంది, కూతురు మీద ఉంది. ఉలిగమ్మ దొన్నెల్లో దూది, ఆముదం, బిడ్డకు పుట్టువెంట్రుకలు తీస్తే ఒక చిన్న కుచ్చు పెట్టి నీళ్లలో వదిలేది. అవి మంచులోకి పోయేవి. తల్లికి అందేవి.

రోజూ పొద్దున ఉలిగమ్మ బిడ్డను ఎత్తుకుని బండ ఎక్కి నిలబడేది. అవతల మంచులోంచి మాట వచ్చేది.

"దాని చేతులు సూపించు."

ఉలిగమ్మ చూపించేది.

"దాని కాళ్లు సూపించు."

చూపించేది.

"దాన్ని నవ్విచ్చు."

ఉలిగమ్మ బిడ్డ కడుపు మీద ముక్కుతో రుద్దేది. బిడ్డ కిలకిలా నవ్వేది. ఆ నవ్వు నీళ్ల మీదుగా అవతలికి పోయేది. అవతల కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఏడుస్తూ ఉందో, నవ్వుతూ ఉందో, మంచు చెప్పేది కాదు. తర్వాత, "సరే, చలిగాలి, ఇంటికి పో," అనే మాట వచ్చేది.

ఒకసారి ఉరుకుందు ముంత పట్టుకుని బండ దగ్గరికి వచ్చాడు. "పిన్నమ్మా, నా ఎనుము ఒకటి ఇంగా లేయలేదు. పోతు ఎంగిలి కొంచెం పోస్తావా? ఒక్క గుక్క సాలు," అని బతిమాలాడు.

"సిగ్గుందిరా నీకు? పురిటింటికి వచ్చి ఎంగిలి అడుగుతావా?" అని మంచులోంచి వచ్చిన తిట్లకు చెట్ల మీది కాకులు లేచాయి. తర్వాత గొంతు మెత్తబడింది. "ఉప్పునీళ్లతో నోరు కడుగు నాయనా. నేను ఈడ అదే చేస్తాండా. తగ్గుతాదో లేదో నాకూ తెలీదు. నీ కానుపులో మీయమ్మ పక్కన నేను కూచున్నట్టు దాని పక్కన నువ్వు కూచో." ఉరుకుందు పోయి కూర్చున్నాడు. ఎనుము లేచింది. ఆ రోజు నుంచి వాడే పొలిమేరలో కుండ పెట్టి, వచ్చినవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసేవాడు. కర్ర పారేశాడు.

వానలు వెనకబట్టాయి. మూడు ఊళ్లలో గొడ్లు లేచాయి. సంతలు మొదలయ్యాయి. ఇరుక్కుపోయిన అల్లుడు చెప్పాపెట్టకుండా వాళ్ల ఊరికి పారిపోయాడు. సంజమ్మ మాత్రం రాలేదు. "ఇంగా గిట్ట ఒకటి మానలేదు," అనేది. చలికాలం వచ్చింది. మంచులోంచి మాటతో పాటు దగ్గు కూడా వచ్చేది. "వచ్చేయమ్మా," అని ఉలిగమ్మ ఏడ్చేది. "పురుడు తీరకుండా మంత్రసాని లేసి వస్తాదా? నేను నేర్పింది ఇదేనా నీకు?" అని తల్లి కోప్పడేది.

ఒక పొద్దున ఉలిగమ్మ బండ ఎక్కింది. చేతులు చూపించింది. కాళ్లు చూపించింది. బిడ్డను నవ్వించింది. అవతల ఏ చప్పుడూ లేదు. ఎంతసేపు నిలబడినా లేదు.

మంచులోంచి దేవరపోతు వచ్చింది. మూతి శుభ్రంగా ఉంది. గిట్టలు నున్నగా ఉన్నాయి. నల్లగా నిగనిగలాడుతూ నీళ్లు దాటి వచ్చింది. వచ్చి, కిందిపల్లె పొలిమేరలో ఆగిపోయింది.

అక్కడ ఇప్పుడు తాడు లేదు. ఏ తాడూ ఎప్పుడూ దాన్ని ఆపలేదు. అయినా అది ఆగిపోయింది. గిడ్డయ్య వచ్చి దండ వేసి పిలిచాడు, కదలలేదు. ఆడవాళ్లు బెల్లం చూపించి పిలిచారు, కదలలేదు. డప్పులు కొట్టారు, కదలలేదు. అది ఎవరి కోసమో చూస్తున్నట్టు నిలబడింది.

బిడ్డను చంకన వేసుకుని ఉలిగమ్మ వచ్చింది. దాన్ని చూసింది. అంతా అర్థమైపోయింది ఆమెకు. ఏడవలేదు. డప్పులు విని వచ్చిన ఉరుకుందు దగ్గర కుండ అందుకుంది. వంగి, పోతు నాలుగు కాళ్లూ ఒక్కొక్కటిగా కడిగింది. నాలుగో కాలు కడగగానే పోతు ఊళ్లోకి అడుగు పెట్టింది. తిన్నగా ఉలిగమ్మ ఇంటి ముందుకు పోయి పడుకుంది. ఉలిగమ్మ దాని పక్కన కూర్చుంటే, చంకలోని బిడ్డ ముందుకు వాలి, దాని వీపు మీద చెయ్యి వేసింది. అవ్వ చెయ్యి రోజూ పడిన చోటు అది. అవ్వ పోయేముందు ముద్దు పెట్టలేకపోయిన మనవరాలి చెయ్యి అక్కడ పడింది. అప్పుడు ఉలిగమ్మ ఏడ్చింది. ఊరంతా ఏడ్చింది.

ఊరంతా కోనలోకి పోయింది. సంజమ్మ పాక గుంజకు ఆనుకుని, కంబళి కప్పుకుని, కానుపు అయిపోయాక కాసేపు నడుము వాల్చిన మనిషిలా ఉంది. అక్కడే మన్ను చేశారు. గుడి కడదాం అన్నాడు గిడ్డయ్య. ఉలిగమ్మ వద్దంది. "గుడిలో కూచునే మనిషి కాదు మాయమ్మ. పిలిస్తే లేసి పోయేది," అంది.

అందుకే ఆమెకు గుడి లేదు. పూజారి లేడు. ఉన్నదల్లా ఇది. ఆ మూడు ఊళ్లలో గొడ్లకు రోగం వస్తే ఇప్పటికీ రోగం అనరు. "పోతుకు పురుడు" అంటారు. అనగానే ముందు తొట్లు బోర్లిస్తారు. దేవరపోతును తీసుకుపోయి పాకలో ఉంచుతారు. ఎవరో ఒక పెద్దామె దాని దగ్గర కూర్చుంటుంది. ఒంట్లో బాగాలేకపోయినా పనికి పరుగెత్తే కోడలిని చూసి అత్త, "అమ్మ పోతంతటిదే పడుకునిందిమే, నువ్వెంత? పడుకో," అంటుంది. అంత మంచి అత్త ఎక్కడుందని అడగకండి, కథలో ఉంది.

పొలిమేరలో నీళ్లకుండ ఉంటుంది. దారినపోయేవాళ్లు అక్కడ కాళ్లు కడుక్కుంటారు. నీది ఏ ఊరని ఎవరూ అడగరు. కుండ దగ్గర కూర్చున్న మనిషి ఒక్క మాటే అడుగుతాడు, "కానుపుకా?" అని. సంతకు పోయేవాడైనా, చుట్టాలింటికి పోయేవాడైనా, ముసలివాడైనా, పసివాడైనా, "కానుపుకే" అని చెప్పాలి. నేనూ ఒకసారి పలుగు కొనడానికి పోతూ చెప్పాను.

"ఎవరికి?" అన్నాడు.

"సంజమ్మ కూతురికి," అన్నాను. అందరూ అట్లాగే చెబుతారు.

నా కాళ్ల మీద నీళ్లు పోసినాయన గబగబా లేచి పక్కకు తప్పుకున్నాడు.

"అయితే బిరీన పో నాయనా," అన్నాడు, "ఆ తల్లి ఎదురుచూస్తా ఉంటాది."